మెయిల్ ఎందుకు మార్చానంటే

ఒరేయ్ శీనూ,

"ఉన్న మెయిల్ బానే ఉందిగా, ఎందుకురా నీకీ తిప్పలు" అన్నావు మొన్న ఫోన్‌లో. పిల్లది ఏడుస్తుంటే పెట్టేశాను, ఇప్పుడు తీరిగ్గా చెప్తున్నా విను.

పోయిన ఫిబ్రవరిలో నా పాత అకౌంట్ లాక్ అయింది. నా తప్పేంటో చెప్పరు, ఒక ఫారం నింపితే ఇంకో ఫారం వస్తుంది, మాట్లాడదామంటే ఒక్క మనిషి దొరకడు. రెండో రోజు దానంతటదే తెరుచుకుందిలే. కానీ పిల్లది పుట్టినప్పటి ఫొటోలు, నాన్న స్కాన్ చేయించి పంపిన పొలం కాగితాలు, వీసా ఉత్తరాలు, పదిహేనేళ్ళ సామానంతా అక్కడే ఉందని గుర్తొచ్చి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

అప్పటికే ఇక్కడ జర్మనీలో మా రాష్ట్ర ప్రభుత్వమే మెయిల్ మార్చే పనిలో పడింది. మా కీల్ రాజధానిగా ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2025 అక్టోబర్ కల్లా 40 వేలకు పైగా మెయిల్‌బాక్సుల్ని మైక్రోసాఫ్ట్ నుంచి ఓపెన్-ఎక్స్‌చేంజ్ అనే జర్మన్ కంపెనీ మెయిల్‌కి మార్చేసింది. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్. ఇంత పంతం దేనికంటే, అమెరికా 2018లో తెచ్చిన క్లౌడ్ యాక్ట్ అనే చట్టం ప్రకారం సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా సరే, కంపెనీ అమెరికాదైతే అక్కడి అధికారులు చట్టప్రకారం అడిగినప్పుడు డేటా ఇవ్వాల్సి రావచ్చు. 2025 జూన్‌లో ఫ్రాన్స్ సెనేట్ ముందు మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ అధికారిని, ఫ్రాన్స్ ప్రభుత్వం ఒప్పుకోకుండా ఫ్రాన్స్ వాళ్ళ డేటా అమెరికా ప్రభుత్వానికి పోదని హామీ ఇస్తారా అని అడిగితే, ప్రమాణం చేసి మరీ ఇవ్వలేనన్నాడు. ఇప్పటిదాకా అలా జరగలేదని కూడా చెప్పాడనుకో.

అలాగని యూరప్ వాళ్ళని నెత్తిన పెట్టుకోమనడం లేదురా. 2025 జూలైలో గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ సంగతి చూడు. ఆంక్షలు పెట్టింది యూరోపియన్ యూనియన్, సర్వీసు ఆపింది మైక్రోసాఫ్ట్, మెయిల్ ఆగింది మన దేశంలో! ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాక గానీ తిరిగి రాలేదు. కాబట్టి నువ్వూ జర్మనీ మెయిలే వాడాలని అనను, నువ్వుండే చోట చట్టానికి జవాబు చెప్పేవాళ్ళ దగ్గర పెట్టుకో, ఇంకో కాపీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉంచుకో.

నాది ఇప్పుడు బెర్లిన్ కంపెనీ మెయిల్, డబ్బు కట్టి వాడుతున్నా. పాత మెయిల్స్ తెచ్చుకోవడం ఒక్క రాత్రి పని, కానీ బ్యాంకు, ఎల్ఐసీ, పాన్ అన్నిచోట్లా అడ్రస్ మార్చేసరికి రెండు నెలలు పట్టింది. వాట్సాప్ మాత్రం వదల్లేను, అమ్మ అందులోనే ఉంది.

మ్యాప్ కూడా, ఎవరైనా గీసి చేర్చగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి మార్చా. అందులో మన ఊరికి మెయిన్ రోడ్డొకటే ఉంది, మిగతాదంతా ఖాళీ. ప్రాణం ఉసూరుమంది. శాటిలైట్ ఫొటో మీద చెరువు కట్ట గీశా, రామాలయం పెట్టా, మిల్లు కూడా పెట్టా. మిల్లు వెనక నుంచి మీ పాతింటికెళ్ళే సందు పేరేంట్రా? మనం చింతచెట్టు సందు అనేవాళ్ళం, పెద్దవాళ్ళు ఇంకేదో అనేవాళ్ళు. బాబాయిని అడిగి రాయి, కొత్త అడ్రస్‌కే.

నీ
రాము