రోడ్డు అంచు కూడా రోడ్డే: విశాఖ రహదారుల అధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి ఋషికొండ దాకా సైకిలు తొక్కుతుంటాను. మన ఊళ్లో మంచు పడదు. మనకు పడేవి ఇసుక, ఎర్రమట్టి.

గాలి వీచిన మర్నాడు బీచ్ రోడ్డు అంచున పలచగా ఇసుక పరుచుకుని ఉంటుంది. కారువారికి అది కనిపించను కూడా కనిపించదు. సన్నటి టైరుతో మలుపు తిరుగుతూ బ్రేకు వేసినవాడికి మాత్రం బాగా తెలుస్తుంది. నా మోకాలి మచ్చే సాక్షి. కైలాసగిరి వాలు కింద సంగతి వేరు. వానకు కొండమట్టి కాలువ దాటి రోడ్డెక్కుతుంది, తడిసినంతసేపూ సబ్బులా జారుతుంది, ఎండాక దుమ్మై కళ్లలో పడుతుంది.

కోపెన్‌హాగన్‌లో మంచు పడితే కార్ల దారికంటే ముందు సైకిలు దారులు శుభ్రం చేస్తారు. ఫిన్లాండ్‌లోని ఔలులో గడ్డకట్టే చలిలోనూ జనం సైకిళ్లపై తిరుగుతారు. చలి తగ్గి కాదు, దారి తెరిచి ఉంచడం వల్ల. (అక్కడ జారకుండా కంకర చల్లుతారు; మనం ఉన్న ఇసుకను ఎత్తలేకపోతున్నాం!)

మనకు మంచు తీసే యంత్రాలు అక్కర్లేదు. వాన వెలిసిన ఉదయం ముందు అంచులు ఊడ్పించండి. రోడ్డు మధ్య చెత్తను పక్కకు నెట్టి వదిలేయకుండా ఎత్తించండి. వాలు కింది కాలువల్లో పూడిక వానలకు ముందే తీయించండి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత కూలిన చెట్లను తొలగించుకుని నిలబడ్డ ఊరికి ఇది పెద్ద పనేమీ కాదు.

అక్టోబరు వానలు మొదలయ్యేలోగా ఒక ఉదయం నాతో రండి. సైకిలు నేను తెస్తాను.

ఇట్లు,
ఒక విశాఖ సైకిలిస్టు