వజ్రం కానిదల్లా నకిలీ కాదు

సంపాదకులకు,

నమస్కారం. నిశ్చితార్థపు ఉంగరంలో ఏ రాయి పొదిగించుకోవాలన్న విషయంపై పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. గనిలో దొరికిన వజ్రాన్ని ఒక్కదాన్నే పక్కన పెట్టి, మిగిలిన రాళ్లన్నిటినీ ఒకే గాటన కట్టి ‘నకిలీ వజ్రాలు’ అని రాయడం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. చాలా ఏళ్లు కళాశాలలో ఖనిజశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఇలాంటి మాటల దగ్గర నాకు పట్టింపు కాస్త ఎక్కువేనని ముందే ఒప్పుకుంటున్నాను.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని నకిలీ అనడం శుద్ధ తప్పు, ఎందుకంటే అది వజ్రమే. 1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో ట్రేసీ హాల్ అత్యధిక పీడనం, ఉష్ణోగ్రతల కింద కర్బనాన్ని వజ్రంగా మార్చారు. ఇప్పుడు దానితో పాటు, మీథేన్ వంటి వాయువును ప్లాస్మాగా మార్చి, పల్చని వజ్రపు పలక మీద కర్బనాన్ని పొరలు పొరలుగా పేర్చే పద్ధతి కూడా విరివిగా వాడుకలో ఉంది. ఎలా పుట్టినా పరమాణువుల అమరిక ఒకటే, కాఠిన్యం ఒకటే, మెరుపు ఒకటే. ఏది గనిదో ఏది ల్యాబ్‌దో కచ్చితంగా తేల్చడానికి స్పెక్ట్రోస్కోపీ పరికరాలు, అంటే రాయి కాంతిని ఎలా పీల్చుకుని వెదజల్లుతుందో కొలిచేవి, కావలసిందే గానీ, కంటితో చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా సాధ్యం కాదు. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో నగల అమ్మకాల మార్గదర్శకాలను సవరించినప్పుడు వజ్రం నిర్వచనంలో నుంచి ‘సహజ’ అన్న మాటను తీసేసింది. అయితే రాయి ల్యాబ్‌లో తయారైందన్న సంగతిని కొనేవారికి దాచకుండా చెప్పాలన్న షరతును మాత్రం అలాగే ఉంచింది. ఆ షరతే ముఖ్యమని నా అభిప్రాయం.

వజ్రంలాగే మెరిసే మరో రాయి మొయిసనైట్‌కు మీ వ్యాసంలో జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. 1893లో అరిజోనాలోని ఉల్కాపాతపు గొయ్యి నుంచి వచ్చిన నమూనాలను పరీక్షిస్తున్నప్పుడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ మొయిసాన్‌కు కొన్ని మెరిసే పలుకులు కనిపించాయి. ఆయన మొదట వాటిని వజ్రాలనే అనుకున్నారు. అవి సిలికాన్ కార్బైడ్ అని 1904లో గానీ తేలలేదు. తరవాత రెండేళ్లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మనిషే పొరబడ్డాడు కాబట్టి, ఈ రాయిని చూసి వజ్రమని భ్రమపడ్డవారు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ప్రకృతిలో ఇది అతి అరుదు. ఉంగరాల్లోకి వచ్చేదంతా ల్యాబ్‌లో తయారైనదే. దీని వక్రీభవన గుణకం, అంటే లోపలికొచ్చిన కాంతిని వంచే శక్తి, 2.65 పైమాటే, వజ్రానిది 2.42, తెల్లని వెలుగును రంగులుగా విడగొట్టే శక్తి వజ్రానికి 0.044 అయితే దీనికి 0.104, అంటే రెట్టింపుకు మించి. దీపాల కింద ఇది వజ్రం కంటే ఎక్కువ రంగులు చిమ్మడానికి కారణం అదే. నా కంటికి ఆ రంగులు చిన్న రాతిలో ముచ్చటగా, పెద్ద రాతిలో కాస్త అతిగా ఉంటాయి.

ఇక్కడ మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా మేనకోడలికి నిశ్చితార్థం కుదిరినప్పుడు, తీసుకోబోయే ముందు నాకు చూపించాలని తను, పెళ్లికొడుకు కలిసి ఒక ఉంగరం తెచ్చారు. దుకాణంలో కలం లాంటి పరికరాన్ని రాతికి ఆనిస్తే అది కూత పెట్టిందనీ, కాబట్టి ఇది వజ్రమేననీ చెప్పారట. ఆ పరికరం కొలిచేది రాతిలో వేడి ఎంత వేగంగా పాకుతుందన్నదే. మొయిసనైట్‌లోనూ వేడి చురుగ్గానే పాకుతుంది కాబట్టి దానికీ అదే కూత పెడుతుంది. నా పాత లూప్ తీసి, అంటే వస్తువును పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం తీసి, రాతిని ముందు నిటారుగా పైనుంచి చూశాను. ఏ తేడా కనిపించలేదు. ఆ తరవాత ఉంగరాన్ని కాస్త పక్కకు వంచి, పైముఖం అంచు దగ్గర్నుంచి లోపలికి చూసేసరికి, అడుగున సానబట్టిన అంచులు ఒక్కొక్కటీ రెండేసి గీతలుగా, రైలు పట్టాల్లా కనిపించాయి. కాంతి లోపల రెండు కిరణాలుగా చీలడం మొయిసనైట్ స్వభావం, వజ్రంలో ఆ చీలిక ఉండదు. పిల్లలిద్దరూ వంతులవారీగా లూప్‌లో చూసి ఆ జంట గీతలను లెక్కపెట్టారు. ఆ రాయి మీద నాకే ఫిర్యాదూ లేదు. తన పేరుతో అమ్మి ఉంటే అది నిక్షేపంలాంటి రాయి, వజ్రం పేరు తగిలించి అమ్మజూపారు కాబట్టి మోసం. మీ వ్యాసం ‘నకిలీ’ అన్న మాటను రాతికి అంటగట్టింది. అది అంటవలసింది ఆ అమ్మకానికి.

ఇక ఎంపిక సంగతి. ఏది గొప్పదన్న వాదన కంటే, ఆ ఉంగరం ఏ చేతికి ఉంటుంది, ఆ చెయ్యి రోజంతా ఏం పని చేస్తుంది అన్నది ముందు అడగాలి. కమ్మలకైనా లాకెట్టుకైనా ఇన్ని దెబ్బలు తగలవు. ఉంగరం తలుపు గొళ్లేలకూ, పాత్రలకూ, గోడలకూ తగులుతూనే ఉంటుంది. ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కాఠిన్యపు వరసలో వజ్రానిది 10, మొయిసనైట్‌ది 9.25, నీలానికీ కెంపుకూ 9. ఈ అంకెలు వరసను చెబుతాయే గానీ వాటి మధ్య దూరాన్ని చెప్పవు. విడిగా కొలిస్తే వజ్రం కాఠిన్యం నీలం కంటే దాదాపు నాలుగు రెట్లు. అయినా ఉంగరం విషయంలో ఆ తేడా మనకు పెద్దగా అడ్డురాదు. మన చుట్టూ ఉన్న దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక కాఠిన్యం 7 కాబట్టి, అంతకు బాగా పైనున్న రాయి తుడిచినా రాసుకున్నా గీతలు పడకుండా నిలబడుతుంది. ముత్యానికి 4.5 మించదు, ఓపల్ 6 దగ్గర తచ్చాడుతుంది, పైగా ఓపల్‌లో నీరు ఉండటం వల్ల ఎండిపోతే బీటలు వారే ప్రమాదం కూడా ఉంది. ఈ రెండూ రోజూ పెట్టుకునే ఉంగరానికి పనికిరావని నా దృఢమైన అభిప్రాయం, ఎంత అందంగా ఉన్నా సరే. పచ్చ రాయి, అంటే మరకతం, కాఠిన్యం 7.5 నుంచి 8 దాకా ఉన్నా, దాని లోపల సహజంగానే సన్నని చీలికలు ఉంటాయి, వాటిని కనిపించకుండా నూనెతో నింపుతారు; నగలను ధ్వని తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ యంత్రంలో శుభ్రం చేస్తే ఆ నూనె పోయి చీలికలు బయటపడతాయి.

వజ్రాన్ని వజ్రంతోనే కోయాలన్న నానుడి నిజమే గానీ, దాన్ని పగలగొట్టడానికి ఇంకో వజ్రం అక్కర్లేదు, విదళనం ఉన్న, అంటే రాయి నున్నగా చీలిపోయే, నాలుగు దిశల్లో ఏదో ఒకదాని వెంట గట్టి దెబ్బ పడితే చాలు. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. నీలంలో అలాంటి విదళన దిశలు లేవు. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. చేతికి రాసుకున్న క్రీమే దాని మెరుపును మింగేస్తుంది, గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు తిరిగి తెప్పించడానికి. వజ్రం బదులు చవకగా వాడే కృత్రిమ రాయి జిర్కోనియా మాత్రం కాఠిన్యం 8 దాటినా, రోజూ పెట్టుకుంటే కొన్నేళ్లలోనే అంచులు అరిగి మసకబారుతుంది.

వజ్రమే సంప్రదాయమన్న వాదనకు నేనంత విలువ ఇవ్వను. 1477లో ఆర్చ్‌డ్యూక్ మాక్సిమిలియన్ బర్గండీ మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చిన మాట చరిత్రలో ఉంది, అయితే అది రాచకుటుంబాల వ్యవహారం. ఈ ఉంగరం సామాన్యుల ఇళ్లలోకి అంత గట్టిగా పాతుకోవడంలో, ‘వజ్రం శాశ్వతం’ అని 1947లో వజ్రాల కంపెనీ డి బీర్స్ కోసం ఫ్రాన్సిస్ గెరెటీ రాసిన ప్రకటన వాక్యం పాత్ర చిన్నది కాదు. అదే ఇరవయ్యో శతాబ్దంలో, 1981లో, డయానా నిశ్చితార్థానికి నీలం ఉంగరం పెట్టుకున్నారు. 2010లో ఆమె కుమారుడు విలియం దాన్నే కేట్‌కు ఇచ్చారు. తిరిగి అమ్ముకుంటే డబ్బు వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు: కొన్న ధరకు బాగా తక్కువకే వజ్రం తిరిగి పోతుంది, ల్యాబ్ వజ్రాల ధరలైతే ఇటీవలి ఏళ్లలో వేగంగా పడిపోయాయి. 2003 నుంచి అమల్లో ఉన్న కింబర్లీ ప్రక్రియ పత్రం చూసి నిశ్చింతగా ఉండేవారికి ఒక హెచ్చరిక: అది తిరుగుబాటుదారుల యుద్ధాలకు డబ్బు చేకూర్చే ముడి వజ్రాలను ఆపడానికే పరిమితం, గని కార్మికుల బతుకుల గురించి ఏమీ చెప్పదు. ల్యాబ్ వజ్రం పర్యావరణానికి మేలన్న మాట కూడా దాని తయారీకి వాడిన కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ఈ రాళ్లను వాటి పేర్లతోనే పిలుస్తూ మీ పత్రికలో ఒక సవరణ వేయాలని కోరుతున్నాను. కొనేవారు కూడా బిల్లు మీద రాయి అసలు పేరు, అది గనిదా ల్యాబ్‌దా, రంగు మెరుగుపడటానికి వేడి చేయడం, నూనె పట్టించడం వంటివి జరిగాయా అన్న మూడు వివరాలూ రాయించుకుంటే, మా ఇంటికి వచ్చిన ఉంగరం లాంటివి వెనక్కే వెళ్తాయి.

మా మేనకోడలు నర్సు. రోజుకు ఎన్నోసార్లు గ్లవ్స్ తొడిగి తీస్తుంది, ఎత్తుగా కొక్కేలతో రాయిని నిలబెట్టిన ఉంగరమైతే వాటిని చింపేస్తుందని చివరికి నీలం ఎంచుకుంది, అదీ చుట్టూ బంగారు అంచుతో, వేలికి ఆనుకుని ఉండేలా కట్టించుకుంది. వేడి చేసిన నీలమని బిల్లు మీదే రాయించింది. మొన్న వచ్చినప్పుడు లూప్‌తో చూశాను. నాలుగేళ్లలో బంగారం నిండా గీతలు పడ్డాయి, రాతి అంచులు మాత్రం సానబట్టిన నాటిలాగే ఉన్నాయి.

ఇట్లు,
ఖనిజశాస్త్రం బోధించిన ఒక పాఠకురాలు