కారు సీటు పట్టాలు బాగుచేసిచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు మా నాన్నగారి పాత కారులోకి నీళ్లు చేరాయి. పైకి ఆరినట్లే కనిపించినా, కార్పెట్ అడుగున నిలిచిన తేమ డ్రైవరు సీటు జరిగే పట్టాలను నెమ్మదిగా తినేసింది. చివరికి సీటు బాగా వెనక బిగుసుకుపోయి, మా అమ్మగారి కాలికి క్లచ్ అందకుండా పోయింది.

పోయిన నెల రేణిగుంట రోడ్డులో, కొత్త పట్టాలు దొరకవన్న మాట విని దుకాణం ముందు నిలబడిపోయిన నన్ను మీరే పలకరించారు. సుత్తితో కొట్టవద్దనీ, కొడితే పట్టా వంగి లోపలి గోళీలు ఇరుక్కుంటాయనీ చెప్పి, మా ఇంటిదాకా వచ్చారు. బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించి ఒక రాత్రి ఆగమన్నారు. మరునాడు అవి విరగకుండా ఊడివచ్చినప్పుడు ఆ ఓపిక విలువ నాకు అర్థమైంది. వైరు బ్రష్షుతో పెచ్చులు రాల్చి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పూశాక, మిగిలిన ఎర్రటి తుప్పు నల్లటి ఫాస్ఫేటు పొరగా మారడం కళ్లారా చూశాను. రంగు బయటివైపు మాత్రమే వేయాలనీ, జారే గాడిలో లిథియం గ్రీజే ఉండాలనీ మీరు పట్టుబట్టారు. సీటును పట్టాల మీద కదలకుండా పట్టి ఉంచే కొక్కేల్లో ఒకవైపుది మాత్రమే పడితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు జారిపోయే ప్రమాదం ఉంటుందని, రెండు కొక్కేలూ కలిసి పడేదాకా పదేపదే జరిపి చూశారు. నాకు అన్నిటికన్నా విలువైనది ఆ జాగ్రత్తే.

డబ్బు ఇవ్వబోతే కాఫీ చాలన్నారు. పేరు అడిగేలోపే బస్సెక్కారు. నిన్న మా అమ్మగారు తిరుచానూరుకు తానే కారు నడుపుకుంటూ వెళ్లివచ్చారు. మా ఇంటిల్లిపాది తరఫున మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు.