చివర చేరిన ఎలక్ట్రానే ముందు పోతుందా? ఫెర్రిక్ అయాన్‌ను అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో ఇనుము, రాగి లాంటి పరివర్తన లోహాల అయాన్ల (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల) మీద వచ్చిన పాఠం చదివాను. ఇలాంటి విషయాన్ని పేపర్లో వేయాలని అనుకోవడమే మంచి పని, కానీ అందులో ఒక తప్పు ఉంది, అది అలాగే వదిలేస్తే చదివిన పిల్లలు చాలాకాలం మోస్తారు కాబట్టి రాస్తున్నాను. పరమాణువులో ఎలక్ట్రాన్లుండే స్థానాల్లో 4ఎస్ అనేది ముందు నిండి తర్వాత 3డి అనేది నిండుతుంది కాబట్టి, అయాన్ ఏర్పడేటప్పుడు చివర నిండిన 3డి లోంచే ఎలక్ట్రాన్లు ముందు పోతాయని మీ పాఠం చెప్పింది. రుజువుగా ఫెర్రస్ అయాన్‌ను (రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుమును) చూపించింది. ఇనుములో 3డిలో ఆరు, 4ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి, 3డి లోంచి రెండు తీసేస్తే నాలుగు మిగులుతాయి, నాలుగూ ఒంటరివే (జతలేనివే), అయస్కాంత భ్రామకం (అయస్కాంత బలానికి కొలత) 4.9 బోర్ మాగ్నెటాన్లు, ప్రయోగంలోనూ దాదాపు అంతే వస్తుంది, సరిపోయింది అని.

సరిపోయింది నిజమే, కానీ కాకతాళీయంగా. అసలు జరిగేది ఏమిటంటే 4ఎస్‌లోని రెండూ ముందు పోతాయి, 3డిలో ఆరూ ఉంటాయి. 3డిలోని ఐదు గదుల్లో (ఆర్బిటాళ్లలో) ఆరు ఎలక్ట్రాన్లంటే ఒకచోట జత, మిగతా నాలుగు చోట్ల ఒక్కొక్కటి. అంటే ఇక్కడా ఒంటరివి నాలుగే! తప్పు దారిలో వెళ్లినా సరైన దారిలో వెళ్లినా ఒకే అంకె వచ్చే ఉదాహరణను రుజువుగా పెడితే అది దేన్నీ రుజువు చేయదు. క్రోమియం కూడా ఇలాంటిదే, దాని మూడు ప్లస్ అయాన్‌కు (మూడు ఎలక్ట్రాన్లు పోయినదానికి) ఎటునుంచి తీసినా మూడు ఒంటరి ఎలక్ట్రాన్లే వస్తాయి. ఈ రెండింటినీ పక్కన పెట్టి మిగతావి చూడండి, అప్పుడు తేడా బయటపడుతుంది.

ఫెర్రిక్ అయాన్, అంటే మూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము, తీసుకుందాం. మీ పాఠం ప్రకారం 3డిలో మూడు, 4ఎస్‌లో రెండు మిగలాలి, ఒంటరివి మూడు, భ్రామకం 3.87 రావాలి. 4ఎస్ ముందు ఖాళీ అయితే 3డిలో ఐదు మిగులుతాయి, ఐదూ ఒంటరివే, భ్రామకం 5.92. మామూలు ఫెర్రిక్ లవణాలను కొలిస్తే వచ్చేది 5.9 దగ్గర. ఇక వాదనకు చోటెక్కడిది? (లెక్క తెలియని పాఠకుల కోసం: ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను, దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించి వర్గమూలం తీయాలి. ఐదుని ఏడుతో గుణిస్తే 35, దాని వర్గమూలం 5.92.) ఇంకా తేలిగ్గా కావాలంటే జింక్ చూడండి. 3డి లోంచి రెండు తీస్తే ఎనిమిది మిగులుతాయి, రెండు ఒంటరివవుతాయి, జింక్ సల్ఫేట్ అయస్కాంతం వైపు లాగబడాలి. కానీ లాగబడదు, చాలా బలహీనంగా వెనక్కి నెట్టబడుతుంది, అంటే డయా అయస్కాంత పదార్థం. 3డిలో పదికి పది జతగా ఉన్నాయన్నమాట. రెండు ప్లస్ కాపర్‌లో మీ పద్ధతికి మూడు ఒంటరివి రావాలి, కొలతలు ఒక్కదాన్నే చూపిస్తాయి. నికెల్‌లో నాలుగు రావాలి, కొలతలు రెండని చెబుతాయి.

మరి ముందు నిండింది ముందు ఎందుకు పోతుంది? చాలామంది పిల్లలకు టెన్షన్ పెట్టే ప్రశ్న ఇదే, దీనికి జవాబు చెప్పకుండా 'ఇది గుర్తుపెట్టుకోండి' అంటే రెండు రోజుల్లో మళ్లీ తారుమారు చేస్తారు. నిండే క్రమం అని మనం బోర్డు మీద రాసేది ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్లే క్రమం, అక్కడ ప్రతి అడుగులోనూ ఎలక్ట్రాన్‌తో పాటు కేంద్రకంలో ఒక ప్రోటాన్ కూడా పెరుగుతుంది. అయాన్ చేసేటప్పుడు కేంద్రకం మారదు, ఎలక్ట్రాన్లు మాత్రమే తగ్గుతాయి. ఇవి రెండు వేర్వేరు పనులు, ఒకదాన్ని వెనక్కి తిప్పితే రెండోది రాదు. ఇంటికి చివర వచ్చిన చుట్టమే ముందు బయల్దేరాలని రూలేమీ లేదు, గుమ్మానికి దగ్గరగా కూర్చున్నవాళ్లు ముందు లేస్తారు. 4ఎస్ ఎలక్ట్రాన్లు సగటున బయటివైపు ఉండేవి, 3డి లోపలికి ఒదిగి ఉండేది.

స్కాండియం దీన్ని బాగా చూపిస్తుంది. మూడు ప్లస్ స్కాండియం అయాన్‌లో ఆర్గాన్‌కు ఉన్నన్ని ఎలక్ట్రాన్లే ఉంటాయి. దానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే అది 4ఎస్‌లోకి పోదు, 3డిలోకి వెళుతుంది, వర్ణపటం చెప్పేది అదే. తర్వాత వచ్చే రెండు మాత్రం 4ఎస్‌లో చేరతాయి, ఎందుకంటే 3డి ఇరుకైన చోటు, అక్కడే ఇంకొకటి చేరితే వాటి మధ్య వికర్షణ ఎక్కువవుతుంది. అంటే స్కాండియం దగ్గరకు వచ్చేసరికే 3డి శక్తి 4ఎస్ కన్నా కిందికి దిగిపోయింది. '4ఎస్ ఎప్పుడూ తక్కువ శక్తి' అనే వాక్యం పొటాషియం, కాల్షియం దగ్గర ఆగిపోవాలి. పాఠాల్లో దాన్ని ఆ తర్వాత కూడా లాగుతూ పోతాం, గందరగోళమంతా అక్కడే.

నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం, ఎలక్ట్రాన్ విన్యాసాన్ని (ఎక్కడ ఎన్ని ఉన్నాయన్నదాన్ని) నమ్మకం మీద ఒప్పుకోనక్కర్లేదు, తూకం వేసి చూడవచ్చు. గూయ్ బ్యాలెన్స్ అనే త్రాసులో గొట్టంలో పొడి నింపి అయస్కాంత ధ్రువాల మధ్యకు వేలాడదీస్తారు, క్షేత్రం ఆన్ చేస్తే ఒంటరి ఎలక్ట్రాన్లున్న పదార్థం బరువు పెరిగినట్టు, అన్నీ జతగా ఉన్నది కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. అన్ని పదార్థాలకూ ఎంతో కొంత అయస్కాంత స్పందన ఉంటుందని, చాలావాటిది వెనక్కి నెట్టబడే స్వభావమేనని 1845లో ఫారడే చూపించారు, వేడి పెరిగేకొద్దీ పారా అయస్కాంత స్పందన (అయస్కాంతం వైపు లాగబడే గుణం) తగ్గుతుందని 1895లో పియరీ క్యూరీ తేల్చారు. అప్పటికి ఎలక్ట్రాన్ ఇంకా కనుక్కోలేదు! మన దేశంలో శాంతి స్వరూప్ భట్నాగర్, కె.ఎన్. మాథుర్ 1928లో ఈ కొలతల కోసమే ఒక సున్నితమైన బ్యాలెన్స్ తయారుచేశారు. పాఠంలో వీళ్ల ఊసు ఒక్క వాక్యమైనా ఉంటే ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లలకు తెలిసేది.

ఫెర్రస్‌కు ఎప్పుడూ నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయనీ రాయకూడదు. నీటి అణువులు చుట్టూ ఉంటే నాలుగు, అదే అయాన్ చుట్టూ ఆరు సయనైడ్లు చేరితే సున్నా. పొటాషియం ఫెర్రోసయనైడ్ పసుపు స్ఫటికాలు డయా అయస్కాంతమే. రెండు చోట్లా 3డిలో ఆరే ఉన్నాయి, విన్యాసం రాస్తే ఒకటే, కానీ సయనైడ్ ఐదు ఆర్బిటాళ్లను మూడు కింద, రెండు పైన అన్నట్టు ఎక్కువ ఎడంగా విడదీస్తుంది కాబట్టి, పైకెక్కడం కన్నా కిందే జతకట్టడం ఎలక్ట్రాన్లకు లాభం. 1929లో భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేథే వేసిన పునాది ఇది. అలాగే పైన చెప్పిన లెక్క స్పిన్‌ను (ఎలక్ట్రాన్‌కు స్వతహాగా ఉండే అయస్కాంత గుణాన్ని) మాత్రమే చూస్తుంది, రెండు ప్లస్ కోబాల్ట్‌కు లెక్కలో 3.87 వస్తే కొలతలో 4.3 నుంచి 5.2 దాకా వస్తుంది, ఆర్బిటాల్ చలనం వాటా కూడా కలవడమే కారణం.

ఇంకో మాట. ఈమధ్యే మీ ఆరోగ్యం పేజీలో, రక్తంలో ఇనుము ఉంది కాబట్టి అయస్కాంతపు పట్టీ కట్టుకుంటే రక్తాన్ని లాగి ప్రసరణ పెంచుతుందని వచ్చింది. ఇది కూడా అదే పొరపాటు, లోహం పేరు చూసి అయాన్‌ను చూడకపోవడం. ఇనుప మేకు అయస్కాంతానికి అతుక్కోవడానికి కారణం లోహంలో కోట్లాది పరమాణువుల భ్రామకాలు ఒకే దిక్కుకు తిరిగి ఉండటం, దాన్ని కూడా సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటించి వేడిచేస్తే ఆ గుణం పోతుంది. హిమోగ్లోబిన్‌లో ఇనుము అయాన్లు ఒకదానికొకటి దూరంగా, ప్రోటీన్ మధ్యలో ఉంటాయి. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ దీన్ని కొలిచారు: ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్‌లో ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు, అది డయా అయస్కాంతం. ఆక్సిజన్ వదిలేశాక ఒక్కో ఇనుము దగ్గర నాలుగు కనిపిస్తాయి, అయినా ఆ లాగుడు చాలా స్వల్పం. 1.5 టెస్లా ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్న మనిషి రక్తమే ఒకవైపుకు పోగుపడదు, చేతి పట్టీ ఏం లాగుతుంది? నొప్పితో ఉన్నవాళ్లు ఇది నమ్మి డాక్టర్ దగ్గరకు వెళ్లడం వాయిదా వేస్తారేమోనన్నదే నా బాధ. ఇదే తేడాను సరిగ్గా వాడుకున్న పని కూడా ఉంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ చుట్టూ అయస్కాంత క్షేత్రం కొద్దిగా మారుతుందని 1990లో సెయ్‌జి ఒగావా బృందం చూపించింది, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో ఎంఆర్ఐలో చూసే పద్ధతి దాని మీదే నిలబడింది. ఆరోగ్యం పేజీకి రాయదగ్గ సంగతి అంటే ఇది.

నా విన్నపం: విద్యార్థుల పేజీలో సవరణ వేయండి, లోపలెక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా పాఠం వచ్చిన చోటే. ఫెర్రస్ ఉదాహరణను తీసేయనక్కర్లేదు, దాని పక్కనే ఫెర్రిక్‌నూ జింక్‌నూ పెట్టి, రెండు పద్ధతుల్లో వచ్చే అంకెలనూ, కొలిచిన అంకెనూ పక్కపక్కన వేస్తే చాలు, ఏది సరైనదో పిల్లలే చెప్పేస్తారు. అయస్కాంతపు పట్టీ సంగతి కూడా ఆరోగ్యం పేజీలో సరిదిద్దండి.

ఇట్లు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు