ఆసక్తి లేక కాదు, చెప్పేవాళ్లు లేక

సంపాదకుడు గారికి నమస్కారం.

మన జిల్లా పిల్లలకు పరిశోధన మీద ఆసక్తి తగ్గిందని, ఎమ్మెస్సీ కాగానే ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతున్నారని పోయిన వారం జిల్లా పేజీలో రాశారు. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఇన్నేళ్లు పీజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఆ మాట ఒప్పుకోను. వాళ్లకు చెప్పే దిక్కు లేదు, అదీ సంగతి.

నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్ కొడితే నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, ఇంటద్దె భత్యం వేరే. 2023 జనవరి నుంచి ఇస్తున్నారు. ఎమ్మెస్సీ ఫైనలియర్ క్లాసులోకి వెళ్లి ఇది ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్లకు పీహెచ్‌డీ చేయడానికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. సైన్స్ అకాడమీలు వేసవిలో రెండు నెలలు పెద్ద ల్యాబుల్లో పని నేర్పించి స్టైపెండ్ కూడా ఇస్తాయి, కానీ దానికి ముందటి చలికాలంలోనే అప్లై చేసుకోవాలి. మా దగ్గర ఒక కాలేజీలో ఆ సర్క్యులర్ గడువు దాటాక బోర్డుకెక్కింది, అదీ పరీక్ష ఫీజు నోటీసు కింద సగం కనపడకుండా. అది చూసి ఒకమ్మాయి "సార్, ముందే చెప్పుంటే నేను వేసేదాన్ని కదా" అంటే ఏం చెప్పాలి?

ఫోన్‌లో వెతుక్కోవచ్చు కదా అంటారు కొందరు. పక్కనే తిరుపతిలో ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి, నిజమే. ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు వెబ్‌సైట్లలో పడతాయి, అదీ నిజమే. అక్కడి ప్రొఫెసర్‌కు మెయిల్ ఎలా రాయాలి, ఆయన పేపర్లలో ఏం చదివి రాయాలి, సీవీలో ఏం పెట్టాలి అన్నది పల్లెటూరి నుంచి మొదటిసారి పీజీకొచ్చిన పిల్లకు ఎవరు నేర్పాలి? రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి నింపరు, గెస్ట్ ఫ్యాకల్టీతో బండి లాగిస్తారు. వాళ్లు పిల్లల కోసం ఎంత కష్టపడినా పీహెచ్‌డీ గైడ్‌గా ఉండే అర్హత రెగ్యులర్ వాళ్లకే. పోస్టులు నింపకుండా పరిశోధన లేదని వాపోవడం అన్యాయం.

పరిశోధనకు మన దగ్గర విషయమే లేదా? అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు చూడండి. తెల్లమచ్చల వ్యాధి తొంభైల్లోనే రైతుల్ని ముంచింది, ఈ రోజుకీ పోలేదు. జువాలజీ చదివిన కుర్రాడు ఆ గుంటల గట్ల మీదే మేత కంపెనీ బ్యాగు తగిలించుకుని తిరుగుతున్నాడు, అదే నీళ్ల మీద ఫెలోషిప్‌తో పనిచేయొచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు.

కొత్త భవనాలు అడగడం లేదు. ప్రతి పీజీ కాలేజీలో ఒక అధ్యాపకుడికి ఈ పని అప్పగించండి, ఆ మేరకు క్లాసులు తగ్గించండి. ఏ నెలలో ఏ ఫెలోషిప్‌కు అప్లై చేయాలో జూన్‌లోనే పిల్లల చేతికివ్వండి. మీ పత్రిక కూడా ర్యాంకుల ఫొటోలకిచ్చే చోటులో కాస్త ఈ గడువు తేదీలకు ఇస్తే మేలు.

- ఒక విశ్రాంత లెక్చరర్, కావలి, నెల్లూరు జిల్లా