యుద్ధ సినిమాల్లో అసలు సైనికుడేడీ?

సంపాదకునికి,

గత వారం నల్లగొండలో ఓ యుద్ధ చిత్రం చూశాను. కథానాయకుడు ఒక్కడే యాభై మందిని కూల్చి, గుండెలో తూటాతో దేశభక్తిపై ఉపన్యసించాడు. హాలంతా ఈలలు. నాకు మాత్రం మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో తలపడినప్పుడు తుపాకులు పేలలేదు. రాళ్లతో, కర్రలతో, గడ్డకట్టే చలిలో సాగిన ఆ పోరులో ఆయనతో కలిపి 20 మంది అమరులయ్యారు. ఆ చలి, ఊపిరాడని ఎత్తు, ఫోను కోసం ఇంట్లో ఎదురుచూపులు తెరపై ఎందుకు కనిపించవు? శత్రువును దద్దమ్మగా చూపితే, అతడితో తలపడి ప్రాణమిచ్చినవారి సాహసం చిన్నబోదా? సైన్యంలో చేరాలని మా వీధి కుర్రాళ్లు తెల్లవారకముందే పరుగు సాధన చేస్తున్నారు. దర్శకులారా, కనీసం వాళ్లకైనా నిజం చూపించండి.

– ఒక పాఠకుడు, నల్లగొండ