ఆదివారం మిషన్లు ఆగుతాయి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి మా కుట్టు షాపు ఆదివారం పూర్తిగా మూసి ఉంటుంది. ఇంతవరకూ సగం రోజు తెరిచేవాళ్లం, ఇక అదీ ఉండదు. ఆ రోజు ఫోన్ కూడా తియ్యను. దీనివల్ల మీ బట్టలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా అందుతాయి, మాకూ రాబడి తగ్గుతుంది. రెండూ ముందే చెప్పేయడం మంచిదని రాస్తున్నాను.

"మాకు తీరిక దొరికేదే ఆదివారం, ఆ రోజే మూసేస్తే ఎలాగండీ?" అని ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మీకు నచ్చే జవాబు నా దగ్గర లేదు, కారణం మాత్రం ఉంది.

వారంలో ఒక రోజు పని ఆపమని బైబిల్లో ఉన్న ఆజ్ఞ గురించి, అంటే విశ్రాంతి దినం గురించి, ప్రసంగాలు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కానీ నలుగురికి పని ఇచ్చే స్థితిలో ఉండి ఆ ఆజ్ఞ చదివితే వేరేగా వినిపిస్తుంది. నువ్వు పని మానుకో అని చెప్పి ఊరుకోదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ ఇంట ఉన్న పరదేశి, ఇలా ఒక్కొక్కరినీ లెక్కపెడుతుంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో అయితే, నీలాగే నీ దగ్గర పనిచేసేవాళ్లూ విశ్రమించాలి, ఐగుప్తులో (ఈజిప్టులో) నువ్వూ దాసుడివేనని మర్చిపోకు అని కారణం కూడా ఉంది. గడ్డి ఇవ్వకుండానే ఇటుకల లెక్క తగ్గకూడదన్న ఐగుప్తు రాజు ఫరో చేతి కింద నుంచి బయటపడ్డవాళ్లతో చెప్పిన మాట అది. యజమాని చర్చిలో పాటలు పాడుతుంటే షాపులో ఇంకొకరు కాజాలు కుడుతూ కూర్చుంటే, ఆ ఆజ్ఞలో సగమే పాటించినట్టు.

అందుకే జీతాలు కొయ్యడం లేదు. కుట్టినదాన్ని బట్టి డబ్బు తీసుకునేవాళ్లకు కూడా ఆ రోజుకి వాళ్ల సగటు కూలి ఇస్తాం. కూలి పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్న మనిషికి రోజంతా లెక్కలతోనే గడుస్తుంది, దాన్ని విశ్రాంతి అనలేం. మా దగ్గర పనిచేసేవాళ్లందరూ క్రైస్తవులు కాదు. ఆదివారం ఎవరు ఎక్కడికి వెళ్లారో నేను అడగను.

మా వ్యాపారస్తులకు ఈ రోజంటే మొదటి నుంచీ ఇబ్బందేనేమో. ఆమోసు గ్రంథంలో ధాన్యం వర్తకులు విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, కొలత తగ్గించి ఎప్పుడు అమ్ముకుందామా అని చూస్తుంటారు. కొట్టు మూశారు గానీ మనసంతా కొట్టులోనే ఉంది. యూదుల అధిపతి నెహెమ్యా కాలంలో తూరు పట్టణపు వర్తకులు యెరూషలేముకి చేపలు తెచ్చి విశ్రాంతి దినానే అమ్మేవారు. ఆయన చీకటి పడుతుండగానే గుమ్మాలు మూయించాడు. వాళ్లు ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రంతా కాచుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఆ వర్తకం ఫోన్‌లో నడుస్తోంది కాబట్టి, షట్టర్ ఒక్కటీ దించితే సరిపోదని నాకనిపించింది.

ఆదివారమే ఎందుకు అంటే, నాకు రోజు మీద పట్టుదల లేదు. క్రైస్తవుల్లోనే సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే శాఖవాళ్లు శనివారం పాటిస్తారు. నర్సులకు, డ్రైవర్లకు కుదిరిన రోజే సెలవు. పాస్టర్‌గార్లకీ, సండే స్కూల్ టీచర్లకీ, క్వైర్‌లో ఉన్నవాళ్లకీ వారంలో అన్నిటికంటే అలసిపోయే రోజు ఆదివారమే. వాళ్లు ఇంకో రోజు చూసుకోవాలి, సంఘం కూడా చూసుకోనివ్వాలి. ఎవరి మనసులో వాళ్లు నిశ్చయించుకోమని రోమా పత్రిక 14లో పౌలు ఎలాగూ రాశాడు.

ఒక్క విషయంలో మాత్రం వాదిస్తాను. అలసిపోయానంటే భక్తి తగ్గిందనీ, ఇంకా ప్రార్థన చెయ్యాలనీ మనలో చాలామంది అంటారు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి చచ్చిపోతానన్నప్పుడు దేవదూత ప్రసంగం చెయ్యలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "నీకిక్కడ ఏం పని?" అన్న ప్రశ్న ఆ తర్వాత, హోరేబు కొండ చేరాకే వచ్చింది. శిష్యులకు తినడానికి కూడా తీరిక లేనప్పుడు యేసు ప్రభువు వాళ్లను పక్కకు వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు. మార్కు సువార్త 6లో ఉంది. తీరా అక్కడికి వెళ్తే జనం ముందే చేరుకున్నారు, ఆయన వాళ్లను చూసి కనికరపడ్డాడు.

విశ్రాంతి కోసం వెళ్లినా అవసరంలో ఉన్నవాళ్లను ఆయన కాదనలేదు కాబట్టి మా నియమంలోనూ ఆ సందు ఉంది. నిజంగా ఆపద వస్తే ఆదివారమైనా ఇంటి తలుపు తట్టండి, తీస్తాను. రేపు ఫంక్షన్ ఉంది, డ్రెస్సు బిగుతైపోయింది అన్నది మాత్రం ఆపద కిందికి రాదండీ. శనివారం సాయంత్రంలోపే ఒకసారి వేసుకుని చూసుకోండి. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు పాత తేదీలే ఉంటాయి. కొత్తవాటికి రసీదు మీద రాసిన తేదీ చూసుకోండి.